సహాయం ఆగిపోయాక మిగిలేది ఏమిటి? – కుష్ఠు నివారణ పథకం నేర్పిన పాఠాలు



తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లో యాభై ఏళ్ళు దాటినవారిని అడిగి చూడండి. చాలామంది ఒక సంగతి చెబుతారు. చిన్నప్పుడు బడికి సైకిలు మీద ఒకాయన వచ్చేవాడు. పిల్లలను వరండాలో వరసగా నిలబెట్టి, చొక్కాలు విప్పించి, వెలుతురు వైపు తిప్పి వీపులు, చేతులు, చెవి తమ్మెలు చూసేవాడు. ఎక్కడైనా పాలిపోయిన మచ్చ కనబడితే, కళ్ళు మూసుకోమని చెప్పి దూదితో తాకి, "ఎక్కడ తాకానో వేలు పెట్టి చూపించు" అనేవాడు. పిల్లలకు అది ఆటలా ఉండేది. ఆయన కుష్ఠు నివారణ కార్యకర్త. సాయంత్రం పల్లెలో ఇళ్ళకు కూడా వెళ్ళేవాడు.

ఆ సైకిలాయన ఇప్పుడు రావడం లేదు. "ఆ జబ్బు పోయిందిగదండీ, అందుకే రావడం లేదు" అని మన ఆసుపత్రికి వచ్చేవారే అంటుంటారు. జబ్బు పోలేదు. ఆయన రావడం ఆగిపోవడానికి కారణాలు వేరు. ఆ కారణాలు తెలుసుకుంటే విదేశీ సహాయంతో నడిచే ఆరోగ్య పథకాలు ఎక్కడ గెలుస్తాయో, ఎక్కడ ఓడిపోతాయో కూడా తెలుస్తుంది. 2025లో అమెరికా ప్రభుత్వ విదేశీ సహాయ సంస్థ మూతపడిన తరువాత ఆఫ్రికా దేశాల్లో ఎన్నో క్లినిక్కులకు ఈ ప్రశ్నే ఎదురయింది. మనకు మాత్రం ఇది పాత అనుభవమే.

మన ప్రాంతానికి వైద్యం మిషను వారి ద్వారా వచ్చిన సంగతి మీకు తెలిసినదే. లూథరన్ మిషను డాక్టరు అన్నా కుగ్లర్ అమ్మగారు 1883లో గుంటూరు వచ్చారు. అక్కడ ఆసుపత్రి తెరిచింది 1898లో. అంటే పదిహేనేళ్ళపాటు ఇళ్ళకు వెళ్ళి, చిన్న డిస్పెన్సరీలో కూర్చుని వైద్యం చేసిన తరువాతే పెద్ద భవనం లేచింది. డబ్బు చాలావరకు అమెరికాలోని సంఘ స్త్రీలు కూడబెట్టి పంపినదే. అయితే రోగుల బంధువులు ఉండడానికి సత్రం కట్టించి ఇచ్చింది మాత్రం ఏలూరు జమీందారు గారు. మన పత్రికల్లో దాతల పేర్లు వేసేటప్పుడు ఇలాంటివి ఎందుకో మరిచిపోతాం. బాపట్లలో రక్షణ సైన్యం వారు ఇవాంజెలిన్ బూత్ పేరుతో కుష్ఠు ఆసుపత్రి నడిపారు. తెనాలి మారిస్‌పేటలో గ్రెట్నాల్టెస్ అనే సంస్థ వచ్చింది. పేరు వింటే ఏదో విదేశీ కంపెనీ అనిపిస్తుంది గాని, 'గ్రేటర్ తెనాలి కుష్ఠు చికిత్స, విద్యా పథకం' అనే అర్థం వచ్చే ఇంగ్లీషు పేరును కుదించి అలా చేశారు. చికిత్సతోపాటు 'విద్య' కూడా పేరులోనే ఉండడం గమనించండి.

అప్పట్లో దేశమంతటా పాటించిన పద్ధతికి మూడు అంగాలు ఉండేవి: సర్వే, విద్య, చికిత్స. సర్వే అంటే ఇంటింటికీ తిరిగి ఒళ్ళు చూడడం. విద్య అంటే ఇది శాపం కాదు, క్రిమి వల్ల వచ్చే జబ్బు అని నలుగురిలో చెప్పడం. చికిత్స అంటే డాప్సోన్ మాత్ర. ఆ రోజుల్లో డి.డి.ఎస్. మాత్ర అనేవారు. జాతీయ కుష్ఠు నియంత్రణ పథకం 1955లో మొదలయింది. ఆ మాత్ర చవకైనదే, పని చేసేదే. కాని ఏళ్ళ తరబడి, కొందరైతే జీవితాంతం మింగాలి. మచ్చ మాయమైన తరువాత ఏ మనిషి ఇరవై ఏళ్ళు మాత్ర మింగుతాడు చెప్పండి? మధ్యలో మానేసేవారు. క్రిమికి ఆ మందు అలవాటైపోయి లొంగడం మానేసింది.

1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక మందు చాలదు, రెండు మూడు మందులు కలిపి ఇవ్వాలని చెప్పింది. అదే బహుళ ఔషధ చికిత్స. దాన్ని మన దగ్గర అందరూ ఎం.డి.టి. అంటారు. 1983 నుంచి మన దేశం ఆ దారి పట్టింది. తక్కువ మచ్చలున్నవారికి ఆరు నెలలు, ఎక్కువ ఉన్నవారికి మొదట్లో రెండేళ్ళు, తరువాత తగ్గించి ఒక సంవత్సరం. మందులు అట్టల్లో వస్తాయి. నెలకొకసారి కార్యకర్త ఎదుట మింగవలసినవి పై వరసలో, రోజూ ఇంటి దగ్గర మింగవలసినవి కింద ఉంటాయి. చదువు రానివారు కూడా అట్ట చూసి ఎన్ని మింగారో, ఎన్ని మిగిలాయో చెప్పగలరు. మంచి మందు ఎంత ముఖ్యమో, మనిషి చేతికి అర్థమయ్యేలా దాన్ని కట్టి ఇవ్వడం కూడా అంతే ముఖ్యం అని నేను దీన్ని చూసినప్పుడల్లా అనుకుంటాను.

ఈ పనికి డబ్బు పలు చోట్ల నుంచి వచ్చింది. డెన్మార్క్, స్వీడన్ వంటి దేశాల ప్రభుత్వాలు సహాయం చేశాయి. 1993 నుంచి ప్రపంచ బ్యాంకు అప్పు ఇచ్చింది. 1995 నుంచి ఐదేళ్ళపాటు ప్రపంచమంతటా మందుల ఖర్చు జపానుకు చెందిన నిప్పన్ ఫౌండేషన్ భరించింది. 2000 నుంచి నోవార్టిస్ కంపెనీ మందులను ఉచితంగా ఇస్తూ వచ్చింది. యూరపు, అమెరికా సంఘాలలో ఆదివారం చందా పళ్ళెంలో పడిన చిల్లర కూడా మిషను కుష్ఠు ఆసుపత్రులకు వచ్చి చేరింది. ఫలితం చిన్నది కాదు. 1980ల మొదట్లో దేశంలో ప్రతి పదివేల మందికి 57 మందికి పైగా కుష్ఠు రోగులు ఉండేవారు. 2005 డిసెంబరు నాటికి అది ఒకరి కంటే తక్కువకు దిగింది. ప్రజారోగ్య సమస్యగా కుష్ఠు నిర్మూలన అయిందని ప్రభుత్వం ప్రకటించింది. లక్షలాది మంది చేతులు వంకరపోకుండా మిగిలాయి. విదేశీ డబ్బు వృథా అని తేలికగా అనేవారికి ఈ ఒక్క లెక్క చాలు.

అయితే ఆ ప్రకటనను జనం విన్న తీరు వేరు. 'పదివేలకు ఒకరి కంటే తక్కువ' అన్న మాటను 'లేదు' అని విన్నారు. ఇందులో ఇంకొక మెలిక ఉంది. మందు వాడుతున్నంత కాలమే మనిషి పేరు రిజిస్టరులో ఉంటుంది. మందు పూర్తి కాగానే కొట్టేస్తారు. రెండేళ్ళ కోర్సును ఏడాదికి తగ్గిస్తే, కొత్తగా జబ్బు వచ్చేవారి సంఖ్య తగ్గకపోయినా రిజిస్టరులో పేర్లు తగ్గుతాయి. రేపల్లె ప్యాసింజరులో ఇప్పుడు ఎంతమంది కూర్చున్నారని లెక్కపెట్టడం వేరు, రోజూ ఎంతమంది కొత్తగా ఎక్కుతున్నారని లెక్కపెట్టడం వేరు. ప్రయాణం సగానికి తగ్గితే పెట్టెలో జనం పలచబడతారు. ఎక్కేవారు తగ్గినట్టు కాదు. నిజానికి 2005 తరువాత పదేళ్ళపాటు దేశంలో ఏటా కొత్తగా లక్షా పాతిక వేలకు పైగా కేసులు బయటపడుతూనే వచ్చాయి. ఈ మధ్య సంవత్సరాల్లో అది లక్షకు అటూ ఇటూ ఉంది. ప్రపంచంలో కొత్తగా కుష్ఠు వచ్చేవారిలో సగానికి పైగా మన దేశంవారే.

ఇక సైకిలాయన సంగతి. అప్పటివరకు కుష్ఠు పథకానికి వేరే ఉద్యోగులు, వేరే రిజిస్టర్లు, వేరే క్లినిక్కులు ఉండేవి. 2000 తరువాత వాటన్నిటినీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో కలిపేశారు. నా మట్టుకు నేను ఆ నిర్ణయం మంచిదే అంటాను. జ్వరానికి వెళ్ళే గుమ్మంలోనే 'పెద్దరోగానికీ' మందు దొరికితే సిగ్గు సగం పోతుంది. 'కుష్ఠు క్లినిక్కు' అన్న బోర్డు కింద నిలబడడానికి భయపడి ఎంతమంది చేతులు పోగొట్టుకున్నారో! కాని కలిపేటప్పుడు ఒకటి మరిచారు. సైకిలాయన కళ్ళకు ఇరవై, ముప్పై ఏళ్ళ అనుభవం ఉండేది. ఆ కళ్ళు రిటైరయ్యాయి. ఇంటింటి సర్వే ఆగింది. రోగి తనంతట తానే వస్తాడు, రాగానే చూద్దాం అన్నారు. నొప్పి లేని, దురద లేని మచ్చకు ఎవరు తమంతట తామే వస్తారు? కూలికి వెళ్ళవలసినవారు అసలు రారు. 2016లో కేంద్ర ప్రభుత్వం మళ్ళీ ఇంటింటికీ మనుషులను పంపి వెతికిస్తే, ఆ ఒక్క విడతలోనే ముప్పై వేలకు పైగా కొత్త కేసులు బయటపడ్డాయి. వెతకకపోతే కనబడవు, అంతే.

మా బయటి రోగుల విభాగంలో ఇప్పటికీ వినే కథ దాదాపు ఒకటే. వీపు మీదో మోచేతి మీదో మచ్చ. ఊళ్ళో సంచి డాక్టరు గారు తామర అన్నారు, పూత మందు రాశారు. రెండేళ్ళు గడిచాయి. పొయ్యి మీద నుంచి గిన్నె దింపుతుంటే చెయ్యి కాలింది, కాలిన సంగతి బొబ్బ చూసే దాకా తెలియలేదు. అప్పుడు వచ్చారు. క్రిమిని చంపడానికి మా దగ్గర మందు ఉంది. చచ్చిన నరాన్ని బ్రతికించడానికి ఎవరి దగ్గరా మందు లేదు. ఆ రెండేళ్ళ ఆలస్యమే ఈ వ్యాసం రాయడానికి కారణం.

డబ్బు, శ్రద్ధ రెండూ ముందే ఆగిపోతే ఏం జరుగుతుందో మలేరియా అంతకుముందే చూపించింది. స్వాతంత్ర్యం వచ్చే నాటికి దేశంలో ఏటా ఏడున్నర కోట్ల మందికి మలేరియా వచ్చేదని, ఎనిమిది లక్షల మంది చనిపోయేవారని అంచనా. 1953లో నియంత్రణ పథకం, 1958లో నిర్మూలన పథకం మొదలయ్యాయి. అమెరికా సహాయంగా డి.డి.టి. పొడి వచ్చింది. ఇళ్ళ గోడల మీద మందు కొట్టి, కొట్టిన తేదీ గుమ్మం పక్కన రాసి వెళ్ళేవారు. ఆ వాసన, గోడ మీద ఆ తెల్లటి మరక పెద్దవారికి ఇంకా గుర్తుంటాయి. 1965 నాటికి కేసులు లక్షకు పడిపోయాయి. అందరూ గెలిచామనుకున్నారు. మందు సరఫరా ఆలస్యమయింది, విదేశీ సహాయం తగ్గింది, దోమలు డి.డి.టి.కి అలవాటుపడ్డాయి. అన్నిటికంటే ముఖ్యంగా, జ్వరం వచ్చినవారి రక్తపు చుక్క తీసి ప్రతి ఊళ్ళో కనిపెట్టుకుని ఉండవలసిన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు చాలాచోట్ల ఇంకా లేనేలేవు. 1976లో అరవై నాలుగు లక్షల కేసులు వచ్చాయి. గోడకు మందు కొట్టారు గాని, ఆ గోడ వెనక ఉన్న కుటుంబానికి ఏమీ నేర్పలేదు. మందు కొట్టేవాడు రాకపోతే ఆ ఇంటివారు చేయగలిగింది ఏమీ లేకపోయింది.

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ మన పొరుగునే ఉంది. బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే సంస్థ 1980 నుంచి 1990 వరకు ఇంటింటికీ స్త్రీలను పంపి, విరేచనాలయ్యే బిడ్డకు ఇచ్చే ఉప్పు-బెల్లం నీళ్ళు ఎలా కలపాలో తల్లులకు నేర్పించింది. మూడు వేళ్ళ చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అర సేరు నీళ్ళు. డబ్బు యునిసెఫ్, ఆక్స్‌ఫామ్, స్విట్జర్లాండు, స్వీడన్ వంటి విదేశీ దాతలదే. అందులో తెలివి ఎక్కడుందంటే, నేర్పిన స్త్రీకి జీతం ఎన్ని ఇళ్ళు తిరిగిందన్న లెక్క మీద ఇవ్వలేదు. కొన్ని వారాల తరువాత వేరొకరు వెళ్ళి పదింట ఒక ఇంట్లో తల్లిని పరీక్షించేవారు. ఆమెకు ఎంత గుర్తుందో, కలిపిన నీళ్ళు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి, దాన్నిబట్టి జీతం ఇచ్చేవారు. మనవాళ్ళు శిక్షణ తరగతికి సంతకాలు లెక్కపెడతారు. వాళ్ళు తల్లి తలలో మిగిలింది లెక్కపెట్టారు.

మొదట్లో వాళ్ళకూ ఎదురుదెబ్బ తగిలింది. తల్లులు పాఠం బాగానే అప్పజెప్పారు గాని, బిడ్డకు విరేచనాలు పట్టుకున్నప్పుడు ఆ నీళ్ళు ఇవ్వలేదు. ఎందుకని విచారిస్తే, నేర్పే కార్యకర్తలకే ఆ నీళ్ళ మీద నమ్మకం లేదని తేలింది. తమ ఇంట్లో జబ్బు చేస్తే వాళ్ళే వేరే మందుకు పరుగెత్తేవారు! ఇంకొకటి, ఇంట్లో మగవాళ్ళతో ఎవరూ మాట్లాడలేదు. కార్యకర్తలకు మళ్ళీ శిక్షణ ఇచ్చారు, బజార్లలో, మసీదుల దగ్గర మగవాళ్ళకు చెప్పారు. పదేళ్ళలో కోటి ఇరవై లక్షలకు పైగా ఇళ్ళకు ఆ పాఠం చేరింది. తరువాత దాతలు వెళ్ళిపోయారు. చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం మాత్రం వెళ్ళలేదు, తల్లి నుంచి కూతురికి అందాయి. (మన ఇళ్ళలో పొట్లం దొరకనప్పుడు: లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో చెమ్చాతో నున్నగా కొలిచిన ఆరు చెమ్చాల పంచదార, అర చెమ్చా ఉప్పు. ఉప్పు ఎక్కువ వేయకండి, బిడ్డకు ప్రమాదం. పొట్లం దొరికితే పొట్లమే మంచిది.)

మన దేశంలోనే, మన విశ్వాసంవారే చేసిన పని జామ్‌ఖేడ్. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చదివిన రజనీకాంత్ అరోలె, మేబెల్ అరోలె దంపతులు 1970లో మహారాష్ట్రలోని ఆ కరువు ప్రాంతానికి వెళ్ళారు. వాళ్ళు వైద్యం చేస్తామంటే, ఊరివారు ముందు నీళ్ళూ తిండీ చూడమన్నారు. అందుకని బావులు తవ్వించడం, బిడ్డలకు తిండి పెట్టడం దగ్గర మొదలుపెట్టారు. ప్రతి ఊరు తనలో నుంచి ఒక స్త్రీని ఎంచుకుంది. చాలామంది చదువు రానివారు, దళిత స్త్రీలు కూడా ఉన్నారు. వారం వారం కేంద్రానికి వచ్చి ఒక సంగతి నేర్చుకుని వెళ్ళి ఊళ్ళో చెప్పేవారు. కాన్పులు, పిల్లల బరువు, టీకాలు, క్షయ, కుష్ఠు మచ్చలు గుర్తించడం, అన్నీ. ఖర్చులో కొంత విదేశీ సంఘాల సహాయం, కొంత తమ ఆసుపత్రిలో ఆపరేషన్లు చేయించుకున్నవారు కట్టిన ఫీజులు. ప్రపంచ సంఘ మండలి 1968లో జెనీవాలో ఏర్పాటు చేసిన క్రైస్తవ వైద్య కమిషను ఈ పనికి అండగా నిలిచింది. 1978లో ఆల్మా-ఆటాలో ప్రపంచ దేశాలు కూడి 'అందరికీ ప్రాథమిక ఆరోగ్యం' అని ప్రకటించడానికి ముందు ప్రపంచ ఆరోగ్య సంస్థ చూసిన ఉదాహరణలలో జామ్‌ఖేడ్ ఒకటి.

ఆ కమిషను మిషను ఆసుపత్రులకు అప్పట్లోనే ఒక కఠినమైన మాట చెప్పింది. మీ డబ్బంతా భవనాలకూ మంచాలకూ పోతోంది, ఆసుపత్రి గోడ దాటి అవతల ఉన్న ఊరికి దాదాపు ఏమీ చేరడం లేదు అని. మన ప్రాంత మిషను ఆసుపత్రులన్నిటికీ ఆ మాట తగులుతుంది. దాతలు బోర్డు మీద పేరు చెక్కగలిగిన వాటికి తేలికగా ఇస్తారు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి దివిసీమ, రేపల్లె, బాపట్ల తీరం ఊళ్ళు కొట్టుకుపోయినప్పుడు ప్రపంచమంతా చేతులు చాచింది. ఇళ్ళు వచ్చాయి, తుఫాను షెల్టర్లు వచ్చాయి. అవి ప్రాణాలు కాపాడాయి, సందేహం లేదు. కాని ఊళ్ళో ఒక స్త్రీకి ఇరవై ఏళ్ళు వారం వారం నేర్పే పనికి అలా చేయి చాచేవారు తక్కువ. దానికి రిబ్బను కత్తిరించే రోజు ఉండదు మరి!

సహాయం ఉండగానే పని అలవాటుగా మారిన ఉదాహరణ క్షయకు సంబంధించినది. మొదటి క్షయ పథకం 1962లో వచ్చింది గాని, కోర్సు మధ్యలో మందు అయిపోయిందనే మాట తరచు వినబడేది. 1997 నుంచి సవరించిన పథకం దేశమంతటికీ విస్తరించడం మొదలయింది. ఆంధ్రప్రదేశ్‌లో దానికి బ్రిటన్ ప్రభుత్వం సహాయం చేసింది. అందులో మనిషికొక పెట్టె. పెట్టె మీద రోగి పేరు రాసి, ఆరు నెలల మందు అంతా మొదటి రోజే అందులో ఉంచేవారు. ఇంకొకరికి దాన్ని విప్పరు. 'నా పెట్టె అక్కడ ఉంది' అన్న మాట రోగి నోట వచ్చిందంటే మందు తనదైనట్టే. తరువాత రోజూ మింగే మాత్రలు వచ్చాయి, పథకం పేరు కూడా మారింది. ఇప్పుడు చికిత్సలో ఉన్న క్షయ రోగికి పౌష్టికాహారానికని ప్రభుత్వం నెలకు వెయ్యి రూపాయలు బ్యాంకులో వేస్తోంది. అది మీ హక్కు, అడిగి తీసుకోండి.

ఇక మన ఊళ్ళ సంగతికి వద్దాం. 2022లో బాపట్ల వేరే జిల్లా అయింది. రేపల్లె అందులో చేరింది, తెనాలి గుంటూరు జిల్లాలో ఉంది. జిల్లా ఏదైనా కుష్ఠు మందు ప్రతి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం ద్వారా ఉచితమే. లేనిది సైకిలాయన కళ్ళు. ఆ కళ్ళను మనం తెచ్చుకోవాలి. ఆశా కార్యకర్త ఒళ్ళు చూస్తానంటే తలుపు వేయకండి. ఆమె వచ్చే దాకా కూడా ఆగనవసరం లేదు. తల్లి బిడ్డకు తలంటేటప్పుడు, భార్య భర్త వీపు రుద్దేటప్పుడు పట్టపగటి వెలుతురులో ఒక్కసారి చూస్తే చాలు. చూడవలసినవి ఇవి: చుట్టూ ఉన్న చర్మం కంటే పాలిపోయిన లేక ఎర్రబడిన మచ్చ, దురద ఉండదు. బొల్లి మచ్చ పాలలా తెల్లగా ఉంటుంది, ఇది అలా ఉండదు. కళ్ళు మూయించి బాల్ పెన్ను మొనతో మెల్లగా తాకి చూపించమనండి. మచ్చ మీద తాకినప్పుడు చూపించలేక, పక్కన తాకినప్పుడు చూపించగలిగితే ఆలస్యం చేయకుండా తీసుకురండి. మచ్చ లేకుండా కూడా రావచ్చు: చెవి తమ్మెలు దళసరి కావడం, నూనె రాసినట్టు మెరిసే ముఖం, అరచేతుల్లో అరికాళ్ళలో తిమ్మిరి, చెప్పు కాలి నుంచి జారిపోతున్నా తెలియకపోవడం, చొక్కా గుండీ పెట్టుకోవడానికి వేళ్ళు తడబడడం, కన్ను పూర్తిగా మూతపడకపోవడం.

మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఆ మనిషి నుంచి ఇతరులకు అంటుకునే ప్రమాదం పోతుంది. వేరే గది, వేరే కంచం అక్కరలేదు. నెలవారీ మోతాదు మింగిన రోజు మూత్రం ఎర్రగా వస్తుంది, భయపడవద్దు. ఒక మందు వల్ల ఒంటి రంగు కొంత నల్లబడుతుంది, కోర్సు అయ్యాక నెలల్లో తగ్గుతుంది. ఆడపిల్లలు దీనికే మానేస్తుంటారు, ఇంట్లోవారు ముందే చెప్పి ధైర్యం ఇవ్వాలి. కోర్సు మధ్యలోగాని, పూర్తయిన తరువాతగాని మచ్చలు ఉబ్బి, నరం నొప్పి పుట్టి జ్వరం వస్తే దాన్ని రియాక్షన్ అంటారు. మందు పడలేదని మానేయకండి, వెంటనే రండి. ఆ వారం పది రోజుల్లోనే నరం పోతుంది. ఇంట్లో ఉన్న మిగిలినవారికి ముందు జాగ్రత్తగా ఒక్క మోతాదు మందు ఇచ్చే పద్ధతి 2018 నుంచి వచ్చింది. ఎవరికి ఇవ్వవచ్చో ఆరోగ్య కేంద్రంలో పరీక్షించి చెబుతారు.

స్పర్శ పోయిన పాదాలున్నవారు రోజూ రాత్రి కాళ్ళు ఇరవై నిమిషాలు మామూలు నీళ్ళలో నానబెట్టి, తడి ఆరకముందే కొబ్బరినూనె రాసుకోవాలి. అరికాలు కనబడకపోతే అద్దం పెట్టి చూసుకోవాలి, లేకపోతే మనవడిని చూడమనాలి. వరి కోతలప్పుడు, కాలవ గట్ల మీద ఉత్త కాళ్ళతో నడవకూడదు. ఎం.సి.ఆర్. చెప్పులు అడిగి తీసుకోండి.

పెళ్ళి సంబంధాల దగ్గర వచ్చే భయం కూడా మాకు తెలుసు. జబ్బు నయమైన మనిషి పెళ్ళికి అడ్డు లేదు. కుష్ఠును విడాకులకు కారణంగా చూపే మాటను 2019లో పార్లమెంటు చట్టాల నుంచి తీసేసింది. సంఘ పెద్దలు, పాస్టర్లు పంచాయితీకి కూర్చున్నప్పుడు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

స్త్రీల సమాజాల వారికి ఒక విన్నపం. మీ నెలవారీ కూటానికి మా నర్సు అమ్మను పిలిస్తే ఒక గంట వచ్చి మచ్చలు ఎలా చూడాలో, ఉప్పు-పంచదార నీళ్ళు ఎలా కలపాలో చేసి చూపిస్తుంది. మాట్లాడి వెళ్ళిపోవడానికి కాదు. మరుసటి నెల మళ్ళీ వచ్చి, మీలో ఎవరినైనా లేపి గ్లాసు, చెమ్చా చేతికిచ్చి కలపమంటుంది. అప్పుడు తడబడితే తప్పు మీది కాదు, నేర్పిన మాది. పెన్నూ, బొమ్మల కాగితాలూ మేమే తెస్తాం. వెలుతురున్న గది ఒకటి చూసి ఉంచండి.